నలభై రెండు దస్కత్‌లు, ఒకటే తోక

ప్రకాశం శాలిబండల ఉండె. నలభై ఏడేండ్ల మనిషి, బట్టతల, జేబుల రెండు పెన్నులు, చేతిసంచిల ఒక భూతద్దం. ఆ భూతద్దం మొదటి సంది లేదు, పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిల వచ్చింది. అది వచ్చినంక ఇంట్ల గాని, దఫ్తర్‌ల గాని, చర్చిల గాని ఎవ్వరికి నిమ్మలం లేకుండ పోయింది. ఇప్పుడు చెప్పేది ఆ ఏడాది ముచ్చటనే.

ప్రకాశం నీళ్ళ దఫ్తర్‌ల గుమస్తా. పాతబస్తీల ఏ గల్లీకి నల్లా కావాల్నన్నా, ఉన్న నల్లా ఎండిపోయిందని మొత్తుకోవాల్నన్నా కాగితం ఆయన బల్ల మీదికి రావాలె. ఇరవై మూడేండ్ల సంది గదే బల్ల, గదే కుర్చీ. కుర్చీకి ఒక కాలు కురచ. దాని కింద మడత పెట్టిన అట్టముక్క గూడ ఇరవై మూడేండ్లదే. మంచోడు, ఒకరి జోలికి పోడు. చాయ్ ఇస్తే తాగుతడు, ఇయ్యకుంటే అడగడు. చర్చిల ఏ పని చెప్తే ఆ పని చేస్తడు. ఒక ఏడు గంట కొట్టిండు, ఒక ఏడు కుర్చీలు మోసిండు, పెండ్లి గాకముందు ఒక ఏడు ఎవరికో అక్షరాలు గూడ చెప్పిండు. చేసుడు, మర్చిపోవుడు, అంతే. ఇట్లాంటి మనిషిని దఫ్తర్‌ల ఎవ్వరు లెక్కచెయ్యరు. అది ఆయనకు లోపల మస్తు బాధగనే ఉండె.

ఆ ఏడు ఎండాకాలం పైనుంచి ఒక సర్క్యులర్ దిగింది. దరఖాస్తులల్ల దొంగ దస్కత్‌లు, అంటే దొంగ సంతకాలు, బాగ వస్తున్నయి, సెక్షన్‌కు ఒకరిని చేతిరాత, దస్కత్ పరీక్ష చేసే విద్య నేర్చుకోనికి పంపుండ్రి అని. ఎనిమిది ఆదివారాలు క్లాసు. ఆదివారం అన్న మాట ఇనంగనే సెక్షన్ల ఒకనికి మేనల్లుని పెండ్లి, ఒకనికి నడుం నొప్పి, ఒకనికి ఇద్దరత్తగార్లు ఒక్కసారే జబ్బు పడుడు. సూపర్నెంటు రామ్‌చందర్ అందరి దిక్కు చూసి ప్రకాశం పేరు రాసిండు.

"సాబ్, ఆదివారం నేను చర్చికి పోవాలె," అన్నడు ప్రకాశం.

"చర్చి పొద్దుగాలనే గద. క్లాసు రెండు గొట్టంగ. ప్రార్థన చేసుకునే పో, మంచిగ ఎక్కుతది," అన్నడు రామ్‌చందర్.

క్లాసు లాడ్ బజార్‌ల, ఒక గాజుల దుకాణం మీది గదిల. కింద బేరాలు, గాజుల గలగల. మీద పదకొండు మంది నడివయసు గుమస్తాలు, పిల్లలు కూసునే పొట్టి బెంచీల మీద మోకాళ్ళు ఇరికించుకొని కూసునేటోళ్ళు. చెప్పేటాయన అమరనాథ్. ముప్పై ఏండ్లు దస్కత్‌లు పరీక్ష చేసి, కోర్టులల్ల బోనెక్కి సాక్ష్యం చెప్పి రిటైరైన మనిషి. సన్నగ, పొడుగ్గ ఉంటడు. నవ్వడు గని నవ్విస్తడు.

"అక్షరం అందరిది," అన్నడు మొదటి దినం. "నడక ఎవరిది వాళ్ళదే. మీ ఆవిడ వంటింట్ల నడుస్తుంటే చూడకుండనే పోల్చుతరు గద. నడకల కోపం గూడ పోల్చుతరు. ఇది గూడ గంతే."

రాత ఏ దిక్కు ఒరుగుతది, కలం ఎక్కడ గట్టిగ వత్తుతది, ఎక్కడ లేస్తది, గీత ఎట్ల మొదలైతది, ఎట్ల ఆగుతది, అన్ని చెప్పిండు. రెండు మాటలు ప్రతి ఆదివారం చెప్పేటోడు. ఒకటి, మనిషిని ఎదురుంగ కూసోబెట్టి రాపిచ్చుకున్న నమూనా లేకుండ నోరు తెరవొద్దు. రెండు, పోలికలు చూసి మురవొద్దు, తేడాలు ఎతుకుండ్రి. పోలిక ఒకరు నేర్పితే వస్తది, తేడా ఎవ్వరు నేర్పకున్నా వస్తది.

మొదటి మాట ప్రకాశం నోట్‌బుక్‌ల ఎర్ర సిరాతోటి రాసుకున్నడు. రెండో మాట కాడికి వచ్చేసరికి ప్రతిసారి కింద గాజుల దుకాణంల ఏదో ఒక లొల్లి అయితుండె, ఆయన కిటికీల నుంచి చూస్తుండె.

అయినా గని, క్లాసుల అందరికంటే ముందు బెంచీ ఆయనదే. చేతులు కట్టుకొని, కండ్లు పెద్దగ చేసి వినేటోడు. ఎందుకంటే చిన్నప్పుడు బడిల ఆయనకు ముందు బెంచీ ఎన్నడు దొరకలె. ఏడేండ్లప్పుడు తలుపు సందుల పడి కుడిచేతి చూపుడువేలు నలిగింది. మానింది గని మళ్ళ వంగలె. అప్పటి సంది నడిమివేలుకు, ఉంగరంవేలుకు నడుమ కలం పెట్టి రాసేటోడు. రాత ఎడమ దిక్కు ఒరిగేది. పేరు అయిపోంగనే కలం లేవకుండ మీదికి ఒక వంకర తిరిగేది, తేలు తోక లెక్క. పంతులు ఆ తోక చూసినప్పుడల్ల మెటికల మీద బెత్తంతోటి కొట్టేటోడు. పిల్లలు 'తేలు ప్రకాశం' అని పేరు పెట్టిండ్రు. పన్నెండేండ్లకు తోక మానేసిన అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదనే ముప్పై అయిదేండ్లు గడిపిండు. ఆ తేలు మాట యాదికొస్తే ఇప్పటికి గూడ చెవులు ఎర్రగయితుండె.

ఐదో ఆదివారం క్లాసు ఒక్కటి తప్పింది. ఆ దినం లాల్ దర్వాజ బోనాలు. ప్రకాశం ఇంట్ల నుంచి ఎల్లి నాలుగడుగులు ఏసేసరికి రోడ్డు మీద మనుషులే మనుషులు. గంటసేపు నిలవడ్డడు. చొక్కా నిండ పసుపు పడ్డది, ఒక చెప్పు పోయింది. ఇంటికి మర్లిండు. ఆ దినం అమరనాథ్ చెప్పిన పాఠం ఏందంటే, ఎవరి రాత వాళ్ళే ఒక పేజీ రాసి, వేరేటోని రాత అనుకొని పరీక్ష చేసుడు.

"తప్పొద్దనుకున్న పాఠమే తప్పిపోయింది మీకు," అన్నడు అమరనాథ్ మరుసటి వారం. "ఈ కాగితం ఇంటికి తీస్కపోండ్రి. ఇంగ్లీషుల గాదు, తెలుగుల రాయుండ్రి. మీ రాతను మీరే పరీక్ష చేసి తెస్తెనే సర్టిఫికెట్ ఇస్త."

ప్రకాశం ఆ తెల్లకాగితం మడిచి సంచిల పెట్టిండు. దఫ్తర్‌ల పనంత ఇంగ్లీషుల. ఆయన తెలుగుల రాసి పదేండ్లు దాటింది. నా రాత నాకు ఎరుక లేదా ఏంది, ఎప్పుడన్న రాద్దాంలె అనుకున్నడు. కోర్సు అయిపోయింది, పదిమందికి సర్టిఫికెట్లు వచ్చినయి. ప్రకాశంది అమరనాథ్ తాననే ఉండిపోయింది.

సర్టిఫికెట్ లేకపోతే ఏంది, విద్య వచ్చింది గద. ఇగ చూడుండ్రి. చాకలి పద్దు పట్టుకొని "ఇది నీ రాత గాదు, నీ తమ్మునిది" అంటడు. చర్చిల కానుక కవర్ల మీద పేర్లు చూసి ఎవరు ఎవరితోటి రాపిచ్చుకున్నరో చెప్తడు. ఆయన కనవడితే పాదిరి గూడ కాగితాలు బోర్లేసుడు మొదలుపెట్టిండు. ఒకనాడు ఇంట్ల బిడ్డ ప్రోగ్రెస్ కార్డులు తీసి, నాలుగేండ్ల 'తండ్రి దస్కత్‌' లన్ని అద్దం కింద పెట్టి చూసి, "అన్ని నావే. ఒక్కదాంట్ల తేడా లేదు," అన్నడు తృప్తిగ.

భార్య రాజమణి బియ్యం ఏరుతుండె. తల ఎత్తలె. "అండ్ల ఒక్కటి గూడ నీది గాదు. ఎన్నడన్న టైముకు ఇంటికొస్తివా? అన్ని నేనే పెట్టిన," అన్నది.

ప్రకాశం భూతద్దం పక్కకు పెట్టిండు. "ఎట్ల పెట్టినవ్?"

"ఏమున్నది, ఇంగ్లీషుల నాలుగు వంకరలు గీసి చివర తోక పెడ్తే అయిపాయె. తోక కుదిరితే మిగిలింది ఎవ్వరు చూడరు."

"నా దస్కత్‌కు తోక లేదు."

"లేదా? సరే తీ, లేదు," అన్నది రాజమణి, ఒక మట్టిపెళ్ళ తీసి పారేసుకుంట.

ప్రకాశం రెండు దినాలు ఆమెతోటి మాట్లాడలె. ఇగో, ఇక్కడనే మనిషికి తెలివి రావాలె. రాలె.

సెప్టెంబర్‌ల రామ్‌చందర్ ఒక ఫైలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టిండు. జహనుమాల బర్రెల గల్లీ అని ఒకటున్నది. పాలోళ్ళు, దవాఖానల పనిచేసేటోళ్ళు, గాజులకు రాళ్ళు అంటించేటోళ్ళు ఉండే గల్లీ. దానికి నల్లా లేదు. ఆడోళ్ళు పొద్దున నాలుగు బిందెలు, మాపటికి నాలుగు బిందెలు పట్టుకొని పెద్దరోడ్డు దాటి అవతలి బస్తీ నల్లా కాడికి పోవాలె. అక్కడోళ్ళు పట్టుకున్నంక మిగిలితే తెచ్చుకోవాలె, మాటలు పడాలె. మగోళ్ళు మూడు అర్జీలు పెట్టిండ్రు, మూడూ ఏ బీరువల పడ్డయో ఎవ్వరికి తెల్వదు. నాలుగోది ఆడోళ్ళు పెట్టిండ్రు. నలభై రెండు దస్కత్‌లు, అన్ని తెలుగుల. అన్నిటికంటే ముందు దవాఖానల పనిచేసే నీలమ్మ అనే ఆయమ్మది.

"నలభై రెండు మంది ఆడోళ్ళు," అన్నడు రామ్‌చందర్. "అది గూడ బర్రెల గల్లీల. ఒక్కటంటే ఒక్క అంగూఠా, వేలిముద్ర లేదు. నాకు నమ్మకం తగుల్తలేదు. నీ చదువు ఏమన్న పనికొస్తదేమో చూడు."

ఇరవై మూడేండ్లల్ల మొదటిసారి ప్రకాశంకు ఒక పని ఆయన కోసమే వచ్చింది. సంతోషం పట్టలేకపోయిండు. మూడు దినాలు చాయ్ గూడ ముట్టకుండ ఆ కాగితాల మీద వంగిండు. మొదటి దినమే దొరికింది. దస్కత్‌లన్ని ఎడమ దిక్కే ఒరిగినయి, నలభై రెండూ. ప్రతి పేరు చివర, కలం లేవకుండ, మీదికి ఒక వంకర. ప్రకాశం మెటికలు ఎందుకో జివ్వుమన్నయి. చలికాలం వస్తున్నట్టున్నది అనుకొని రుద్దుకున్నడు.

నాలుగు పేజీల రిపోర్టు రాసిండు, ఇంగ్లీషుల, టైపు చేపిచ్చి. నలభై రెండు దస్కత్‌లు ఒకే చేతి పని అని. ఆ రిపోర్టు కింద ఆయన సంతకం పడ్డదంటే అర్జీ రద్దు. బర్రెల గల్లీ పేరు లిస్టుల నుంచి పోతది, మళ్ళ ఐదేండ్ల దాంక ఎక్కది. అర్జీ తెచ్చిన నీలమ్మ మీద దొంగ దస్కత్‌ల కేసు పోలీసులకు పోతది. ప్రకాశం పెన్ను మూత తీసిండు గని ఎర్ర సిరా మాట యాదికొచ్చింది. నమూనా లేకుండ నోరు తెరవొద్దు. అమరనాథ్ ముందు తక్కువగావొద్దని రిపోర్టు మడిచి సంచిల పెట్టుకొని, తెల్లారి జహనుమా బస్సెక్కిండు.

గల్లీల పాల బీరయ్య కొట్టం ముందల నులకమంచం ఏసిండ్రు. దాణా డబ్బా బోర్లేసి దాని మీద పలక పెట్టి బల్ల చేసిండ్రు. నల్లా సారు వచ్చిండని ఆడోళ్ళందరు బిందెలు ఇండ్లల్ల పెట్టి వచ్చిండ్రు. పైపు ఏ దిక్కు నుంచి వస్తదని ఒకామె, నల్లా మా గడప ముందల వద్దు లొల్లి అయితదని ఒకామె, మా గడప ముందలనే కావాలె అని ఇంకొకామె. వెనక నుంచి ఒక బర్రె వచ్చి ప్రకాశం మెడ నాకింది.

"నేను నల్లా సారును గాదు," అన్నడు ప్రకాశం మెడ తుడుచుకుంట. "దస్కత్‌లు చూడనికి వచ్చిన. ఒక్కొక్కరు వచ్చి నా ముందల ఐదు సార్లు పేరు రాయాలె."

మొదలు ఆగమ్మ కూసున్నది. అరవై దాటిన ముసలామె. బిందె ఎత్తి ఎత్తి ఒక భుజం కిందికి దిగింది. పెన్ను చేతికియ్యంగనే కండ్లకద్దుకొని, నాలిక పండ్ల నడుమ పెట్టి, ఒక్కొక్క అక్షరం దింపింది. పేరు అయిపోయినంక ఒక్క క్షణం ఆగి, బొట్టు పెట్టుకున్నంత పదిలంగ, చివర తోక పెట్టింది. తర్వాత పాలు పిండే రుక్మాబాయి. పేరు, తోక. తర్వాత గాజులకు రాళ్ళు అంటించే కాశమ్మ. పేరు, తోక. పదిమంది, పదిహేను మంది. ప్రకాశం అద్దం తుడుచుకొని మళ్ళ చూసిండు. ఒక్క మనిషి రాసింది అనుకున్నది నలభై రెండు మంది తన కండ్ల ముందల రాస్తున్నరు. కేసు ఇంకా పెద్దది, అందరికి కలిపి దొంగరాత నేర్పిండ్రు అనుకున్నడు. మనిషి ఒక్కసారి తెలివిగల్లోన్ని అనుకుంటే దిగుడు కష్టమే.

"ఈ తోక ఎందుకు పెడుతున్నవమ్మా?" అని రుక్మాబాయిని అడిగిండు, గొంతు గట్టిగ చేసి.

"తోక లేకుంటే సర్కార్ల నడువదంట గద," అన్నది రుక్మాబాయి.

"ఎవరు చెప్పిండ్రు?"

అందరు వెనక్కి చూసిండ్రు. డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన నీలమ్మ, ఆయమ్మలు కట్టే తెల్లచీరల, కొట్టం గుంజకు ఆనుకొని నిలవడి ఉన్నది. నలభై ఏండ్లకు దగ్గరున్న మనిషి. ముందుకు వచ్చింది.

"నేనే చెప్పిన," అన్నది. "వీళ్ళందరికి నేనే నేర్పిన, ఒక్కొక్కరికి ఇరవై దినాలు. నాకు నేర్పిన సారు ప్రతి పేరుకు తోక పెడుతుండె. చదువుకున్నోడు ఉత్తగ పెడ్తడా? ముద్ర లెక్కనో ఏమో అనుకున్న. దవాఖాన హాజరు రిజిస్టర్ల పద్ధెనిమిదేండ్ల సంది తోకతోటే పెడుతున్న. ఒక్కరు గూడ వద్దనలె."

"ఏ సారు?"

"పేరు యాది లేదు. చర్చి వెనక రేకుల గదిల చెప్పిండు, ఈస్టర్ ముందల వచ్చే శ్రమల దినాలల్ల, నలభై సాయంత్రాలు. అంతకుముందు దవాఖానల నేను అంగూఠా పెడుతుంటి. పెట్టినంక వేలు తుడుచుకోనికి గుడ్డ గూడ ఇయ్యకపోదురు, గోడకు రుద్దుకోమందురు. ఆ సారు పున్యాన అది పోయింది. సన్నగ ఉంటుండె. నెత్తి మీద మస్తు జుట్టుండె."

ప్రకాశం చెయ్యి దానంతటదే నెత్తి మీదికి పోయింది.

"ఆయన చేతి కాగితం నా తాన ఉన్నది. తెస్త ఆగుండ్రి," అని నీలమ్మ ఇంట్లకు పోయింది. నీలమ్మ, రుక్మాబాయి కలిసి ఒక రేకుపెట్టె మోసుకొచ్చిండ్రు. మూత ఎత్తితే, లోపలి దిక్కు అన్నం మెతుకులతోటి అంటించిన కాగితం. వెలిసిపోయిన నీలి సిరాల పెద్దగ ఒక్కటే మాట, నీలమ్మ.

ప్రకాశం అద్దం తీసిండు. అద్దం అక్కర లేకుండె, అయినా తీసిండు. అక్షరాలు ఎడమ దిక్కు ఒరిగి ఉన్నయి. చివర కలం లేవకుండ మీదికి తోక. రేకుల గది, కందిలి వెలుగు, వెనక వరుసల పైట నోట్లె పెట్టుకొని భయం భయంగ కూసున్న ఒక సన్న పిల్ల, అన్ని ఒక్కసారి యాదికొచ్చినయి. అయినా ఒప్పుకోనికి మనసు రాలె. సంచిల చెయ్యి పెట్టిండు. అమరనాథ్ ఇచ్చిన తెల్లకాగితం మడతలు నలిగి అడుగున ఉన్నది. దాన్ని దాణా డబ్బా మీద పరిచి, కలం రెండు వేళ్ళ నడుమ ఇరికించి, తెలుగుల 'నీలమ్మ' అని రాసిండు. మ్మ అయిపోయింది. చెయ్యి ఆగలె. తోక లేచింది.

ఆగమ్మ పక్కనుంచి తొంగి చూసింది. "సారుకు గూడ మన నీలమ్మనే నేర్పినట్టున్నది," అన్నది.

గల్లీ అంత నవ్వింది. నీలమ్మ నవ్వలె. డబ్బా మీది కాగితం చూసింది, పెట్టె మూత చూసింది, వంగని చూపుడువేలు చూసింది, ఆఖరుకు నెత్తి చూసింది.

"జుట్టు ఏమాయె సారు?" అని అడిగింది మెల్లగ.

ప్రకాశంకు ముందు సిగ్గు వచ్చింది, ఎనక ఏడ్పు వచ్చింది. ఏడ్పును మింగి సిగ్గును బయటపెట్టిండు. "తోక సర్కార్‌ది గాదమ్మా, నాది," అన్నడు. "చిన్నప్పుడు వేలు నలిగితే వచ్చింది. అది తప్పు రాత. దానికి నేను దెబ్బలు తిన్న. ఆ తప్పే మీకు నేర్పిన. ఇగో, ఇప్పుడు అదే తోక చూసి మీ దస్కత్‌లన్ని దొంగవి అని రాసిన." సంచిల నుంచి నాలుగు పేజీలు తీసి చూపిచ్చిండు. దాచుకుంటే దాగుతుండె, ఎవ్వరు అడగలె. గని దాయాల్నని అనిపియ్యలె.

నవ్వులు ఆగినయి. నీలమ్మ ఆ టైపు కాగితాల దిక్కు చూసింది, ముట్టలె. "అది గిట్ల పోతే మాకు నల్లా రాదా?" అన్నది.

"రాదు. నీ మీద కేసు గూడ అయితది."

"అంగూఠా పోగొట్టింది నువ్వే. మళ్ళ దొంగ అని రాసేది గూడ నువ్వేనా సారు?" అన్నది నీలమ్మ. గొంతు లేపలె. లేపితే బాగుండు అనిపిచ్చింది ప్రకాశంకు.

మంచం మీద కూలబడి, ముందల ఉన్న నమూనాలు మళ్ళ చేతిలకు తీసుకున్నడు. కిటికీల నుంచి బజారు చూస్తున్నప్పుడు చెవిల పడ్డ రెండో మాట ఇప్పుడు లోపలికి దిగింది. తేడాలు ఎతుకు. ఎతికిండు. రుక్మాబాయి బర్రె పొదుగు పిండే చేతితోటి కలం వత్తితే అక్షరం కాగితం అవతలికి తేలింది. కాశమ్మది ఆవగింజంత రాత, రాయి అంటిచ్చినట్టు ఒక్కొక్క చుక్క. ఆగమ్మది ప్రతి గీత వణికింది, దిగిన భుజం దిక్కే కిందికి జారింది. నీలమ్మది గబగబ, డ్యూటీ గంట కొట్టకముందు రిజిస్టర్ల పెట్టే దస్కత్. తోక తీసి పక్కకు పెడితే ఇద్దరివి ఒక్క తీరుగ లేవు. మూడు దినాలు అద్దం పెట్టి ఆయన తన తోకనే చూసుకున్నడు, వాళ్ళను చూడలె.

మిగిలినోళ్ళతోటి రాపిచ్చిండు. నలభై రెండు మంది అయ్యేసరికి పాలు పిండే యాళ్ళయింది. అక్కడనే, ఆ నాలుగు పేజీలు తిరగేసి, వెనక దిక్కు చేతితోటి కొత్త రిపోర్టు రాసిండు, తెలుగుల. ఇవి నలభై రెండు మంది చేతులు. ఒక్కొక్క చెయ్యి తేడా కింద రాసి ఉన్నది. పోలిక ఎందుకంటే, అందరికి నేర్పినామె ఒక్కతే. ఆమెకు నేర్పినోడు ఈ రిపోర్టు రాసినోడే. ఆయన రాత నమూనా జత చేసి ఉన్నది. కింద సంతకం పెట్టిండు.

రామ్‌చందర్ అది రెండుసార్లు చదివిండు. "అంటే తోక దొంగవు నువ్వేనా?" అన్నడు.

"నేనే సాబ్."

"మరి నువ్వే సాక్షివి, నువ్వే పరీక్ష చేసేటోడివి అయితే ఎట్ల నడుస్తది?"

నడువలె. ఫైలు ఇంకో సెక్షన్‌కు పోయింది, అక్కడి పరీక్షకుడు నమూనాలు మొత్తం తిరగేసి, నలభై రెండూ వేరే వేరే చేతులే అని రాసిండు. ప్రకాశంకు ఎక్కిన గౌరవం ఎక్కినంత జల్ది దిగింది. దఫ్తర్‌ల ఆ తోక చూసి ఆయనకు మళ్ళ పేరు పెట్టిండ్రు, తేలు సారు అని. ఈసారి చెవులు ఎర్రగ గాలె. ఇంట్ల రాజమణి సంగతంత విని, "నేను చెప్పిన్నా, చెప్పలేదా," అన్నది, అంతకంటే ఎక్కువ అనకుండ చాయ్ పోసింది. అమరనాథ్ ఆ తెల్లకాగితం నకలు, రిపోర్టు నకలు కలిపి హోంవర్కు కింద తీసుకొని సర్టిఫికెట్ ఇచ్చిండు. ఇచ్చేటప్పుడు మొదటిసారి నవ్విండు.

మార్చిల బర్రెల గల్లీకి నల్లా వచ్చింది. బీరయ్య కొట్టం మలుపుల, ఎవ్వరి గడప ముందల గాకుండ. నీళ్ళు ఇడిసే దినం, నల్లా అందిందని గల్లీ దిక్కు నుంచి ఒకరు రిజిస్టర్ల దస్కత్ పెట్టాలె, దఫ్తర్ దిక్కు నుంచి ఒక సాక్షి పెట్టాలె. సాక్షిగ పోతనని ప్రకాశం తనంత తనే అడిగి పోయిండు. గల్లీ దిక్కు నుంచి ఆగమ్మను పెట్టమన్నరు, ఆమెనే అందరికంటే ఎక్కువ ఏండ్లు బిందెలు మోసింది గద అని.

ఆరునెలల సంది ప్రకాశం మనసుల ఒక మాట నలుగుతుండె. ఆగమ్మ పెన్ను కండ్లకద్దుకునే ముందల అది చెప్పేసిండు. "అమ్మా, మీ అందరికి తోక లేకుండ మంచిగ రాసుడు మళ్ళ నేర్పుత. ఆదివారం ఆదివారం వస్త. నేను చేసిన తప్పు నేనే దిద్దుత."

ఆగమ్మ ఆయన దిక్కు చూసింది, చిన్నపిల్లగాన్ని చూసినట్టు. రిజిస్టర్ మీదికి వంగింది. నాలిక పండ్ల నడుమ పెట్టి పేరు దింపింది. ఆగింది. తోక పెట్టింది.

"నువ్వు వద్దనుకుంటే నీది తీసేసుకో సారు," అన్నది పెన్ను ఇచ్చుకుంట. "ఇది ఇరవై దినాలు గోడ మీద బొగ్గుతోటి దిద్ది నేర్చుకున్న. దీంతోటే నల్లా వచ్చింది. ఇప్పుడిది నాది."

వెనక బిందెల నీళ్ళు పడుతున్న చప్పుడు. ప్రకాశం ఆమె పేరు కింద, సాక్షి అని ఉన్న కాడ, తెలుగుల తన పేరు రాసిండు. చివర చెయ్యి మీదికి తిరుగుతుంటే ఆపలె.